వాయిదా పడిన ఈస్టరు కేక

ఒక పెద్ద అడవిలో జంతువులు పులికి భయపడేవి, వరదకు భయపడేవి, ఆ రెండిటికన్నా ఎక్కువగా లూథరన్ సంఘం కమిటీకి భయపడేవి. పులి వారానికోసారి వచ్చేది. వరద ఏడాదికోసారి వచ్చేది. కమిటీ మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు కూర్చునేది, కూర్చుంటే లేచేది కాదు.

ఆ సంఘంలో ఎలీసమ్మ అనే ముళ్ళపంది ఉండేది. మూడు వాగుల అవతల ఎక్కడో ఉన్న కంచుకొండ ఆమె పుట్టిన చోటు. మొగుడు ఆరోనుకు ఇక్కడి గుడిలో గంట కొట్టే పని దొరికితే, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పోయినేడు వానల్లో ఆరోను వాగు దాటబోయి పోయాడు. సమాధుల తోటలో తూర్పు గోడ పక్కన పాతిపెట్టారు. ఇక ఎలీసమ్మ కంచుకొండకు వెళ్ళిపోతుందిలే అనుకున్నారందరూ. ఆమె వెళ్ళలేదు. ఆయన్నిక్కడ ఒంటరిగా వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. గంట కొట్టే పని, గుడి ఊడ్చే పని తనే చేసుకుంటూ ఉండిపోయింది.

ఎలీసమ్మకు ప్రతిదానికీ బెంగే. పిల్లలు పాటలో ఒక చరణం మరిచిపోతే బెంగ. మరిచిపోకుండా పాడితే, అర్థం తెలిసి పాడుతున్నారా లేదా అని బెంగ. అయినవాళ్ళెవరూ లేని చోట పిల్లల్ని సరిగ్గా పెంచుతున్నానా అని రోజూ బెంగ. బెంగ కలిగినప్పుడల్లా ఆమె ముళ్ళు నిక్కబొడుచుకునేవి. అందుకని గుడిలో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

"ప్రసంగం మధ్యలో ఆవిడకేదో గుర్తొస్తుందండీ, మన డొక్కలో దిగుతుంది" అనేది దుప్పి.

పిల్లల్లో పెద్దది సలోమి, అణకువ గల పిల్ల. చిన్నది తబిత. తబితకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. ప్రార్థనలో "ఆమెన్" అంటే పైకప్పు మీద పావురాలు లేచిపోయేవి.

ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమకాలం మొదలైన వారంలో ఒకరోజు తబిత అడిగింది.

"అమ్మా, నాన్న లోపల ఒక్కడే ఉన్నాడా?"

ఎలీసమ్మ పిల్లలకు అబద్ధం చెప్పదు. అలాగని తెలియనిదాన్ని తెలిసినట్టూ చెప్పదు. అందుకే, "ఈస్టరు రోజు పొద్దు పొడిచేటప్పుడు నాన్న దగ్గర నిలబడి, ప్రభువు లేచాడని కేక వేస్తాం చూడూ, ఆ కేక నాన్న కోసం కూడా" అంది.

"నిజంగా వేస్తామా?"

"వేస్తాం. ఇదిగో, మాటిస్తున్నా."

మాటిచ్చిన క్షణం నుంచి ఆమెకు ఇంకో బెంగ మొదలైంది.

ఆ సంఘంలో ఈస్టరు కేకకు ఒక పద్ధతి ఉంది. ముందు వారమంతా సమాధులకు సున్నం వేస్తారు. ఆదివారం చీకటితోనే లేచి, కొవ్వొత్తులు పట్టుకుని తోటకు వెళతారు. తూర్పు ఎర్రబడగానే సంఘ పెద్ద ఒకరు గేటు దగ్గర నిలబడి "ప్రభువు లేచాడు!" అని మొదటి కేక వేస్తారు. "నిజంగా లేచాడు!" అని సంఘమంతా బదులిస్తుంది. కంచుకొండలో అయితే వెలుతురు ఎవరి కంట ముందు పడితే వాళ్ళే అరిచేవారు. ఆ సంగతి ఒకసారి స్త్రీల సమాజంలో చెప్పబోతే, "ఇది మీ కొండ కాదమ్మా, ఇక్కడ పద్ధతులున్నాయి" అని నోరు మూయించారు.

మొదటి కేక ఎప్పుడూ వాగుకు తూర్పు ఒడ్డున ఉండే ఎలుగుబంటి దేవసహాయం గారిదే. వాళ్ళ తాత వేశాడు, తండ్రి వేశాడు, ఆయనా వేస్తున్నాడు. ఈ ఏడు కమిటీలో పడమటి ఒడ్డు అడవిదున్న ఆశీర్వాదం గారు లేచి నిలబడ్డాడు. గుడిలో వెనక వైపు చీపురు పట్టుకుని ఎలీసమ్మ వింటూనే ఉంది.

"మూడు తరాల నుంచి అరిచి అరిచి దేవసహాయం గారి కుటుంబం అలిసిపోయి ఉంటుంది. ఈసారి మా ఒడ్డుకివ్వండి."

"మేమేం అలిసిపోలేదు" అన్నాడు ఎలుగుబంటి.

"పోయినేడు కేక మధ్యలో మీకు దగ్గొచ్చింది. ప్రభువు లేచాడన్నారో, మంచినీళ్ళు తెమ్మన్నారో మా ఒడ్డు వాళ్ళకి తెలియలేదు. సగం మంది నీళ్ళకి పరిగెత్తారు."

సంఘానికి పాదిరి తాబేలు అయ్యగారు. మంచివాడే. కానీ గొడవ మొదలైతే తల డిప్పలోకి లాక్కోవడం ఆయన అలవాటు. లోపలి నుంచే అన్నాడు.

"ఇద్దరూ వేస్తే పోలేదా బాబూ? ఐదింటికి దేవసహాయం గారు, ఐదున్నరకి ఆశీర్వాదం గారు."

"ఐదున్నరకా?" దున్న ముక్కుపుటాలు ఎగరేశాడు. "అప్పటికి ఆయన లేచి అరగంట! దాన్ని కేకంటారా? పాత కబురంటారు. మా ఒడ్డు వాళ్ళం నాలుగున్నరకి వేసుకుంటాం."

"అయితే మేం నాలుగింటికి."

"మూడు."

"శనివారం సాయంత్రం ఆరింటికి!"

"ఒక్కొక్కరే చెప్పండి, రాసుకోవాలి" అన్నాడు కార్యదర్శి ముంగిస జ్ఞానరత్నం. మినిట్సు పుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పోనివ్వడు. అర్థం పోతే మాత్రం పట్టించుకోడు.

"శనివారం పొద్దున్న!"

"శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర!" అని ఎలుగుబంటి బల్ల గుద్దాడు.

ఆ చప్పుడుకు అయ్యగారి తల బయటికొచ్చింది.

"అప్పటికింకా ప్రభువుని సమాధి కూడా చెయ్యలేదండీ!"

ఇరుపక్షాలూ ఆలోచించాయి. సమాధి అయ్యేదాకా ఆగడమే మర్యాద అని ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి. ఆ కమిటీ పుట్టాక ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం అదొక్కటే. చివరికి శనివారం పగలు పన్నెండింటికి, ఇద్దరు పెద్దలూ కలిసి ఒకేసారి కేక వేయాలని తేలింది.

"మరి ఆదివారం?" అన్నాడు అయ్యగారు.

"పాపం, అందరూ అలిసిపోయి ఉంటారండీ. పడుకోనివ్వండి" అన్నారు పెద్దలిద్దరూ.

ఎలీసమ్మ చీపురు పక్కన పెట్టింది. ముళ్ళు లేస్తుంటే అణుచుకుంటూ ముందుకొచ్చింది. "పెద్దలు క్షమించాలి. పొద్దు పొడిచేటప్పుడని పిల్లలకి మాటిచ్చానండీ."

"ఏమ్మా ఎలీసమ్మా, పన్నెండింటికి పొద్దు పొడిచే ఉంటుంది కదా?" అన్నాడు ఎలుగుబంటి, ఎంతో దయగా.

అందరూ నవ్వారు. ముంగిస మాత్రం నవ్వకుండా ఇంకో వాక్యం రాసి, పైకి చదివాడు. "తీర్మానించిన వేళకు తప్ప ఎవరూ కేక వేయరాదు, బదులూ ఇవ్వరాదు. అలా చేసినవారి పేరు సంఘ పుస్తకం నుంచి కొట్టివేయబడును." ఆ తర్వాత ఎలీసమ్మ వంక చూసి, "పేరు లేనివాళ్ళకి తోట గేటు తీయం. నీకు తెలుసుగా" అన్నాడు.

ఆమెకు తెలుసు. గేటు తీయకపోతే, ఆరోను దగ్గరికి వెళ్ళడం ఇక లేదు.

శనివారం పగలు పన్నెండయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. చేతుల్లో కొవ్వొత్తులు వెలిగించకముందే వంగిపోయాయి. గుడిలో పాటలు పాడే క్వయరు కొంగలు ఒంటికాలు మీద నిలబడలేక కాళ్ళు మార్చుకుంటున్నాయి, నేల అంతలా కాలుతోంది. గేటు దగ్గర ఎలుగుబంటి, దున్న భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. ముంగిస లెక్క మొదలుపెట్టాడు.

"ఒకటి... రెండు..."

"ప్రభువు..." అని ఎలుగుబంటి రెండుకే అందుకున్నాడు.

"లేచాడు!" అని దున్న మధ్యలో దూరి ముగించేశాడు.

"నేను ముందు!"

"నువ్వు ఊరికే ప్రభువు అన్నావు. లేచిన సంగతి చెప్పింది నేను!"

"ఇప్పుడు మేం ఎవరికి బదులివ్వాలండీ?" అని అడిగింది దుప్పి, చెమట తుడుచుకుంటూ.

"నాకు!" అన్నారు ఇద్దరూ.

ఒకరికి బదులిస్తే రెండో ఒడ్డుతో విరోధం. అందుకని ఎవరూ ఎవరికీ బదులివ్వలేదు. ముంగిస గొంతు సవరించుకుని పుస్తకంలో రాసింది చదివాడు. "మొదటి కేక ఎవరిదో తేలనందున, ప్రభువు లేచిన విషయం తదుపరి మీటింగుకు వాయిదా వేయడమైనది."

"తదుపరి మీటింగెప్పుడండీ?"

"పదిహేను రోజులకి. కోరానికి సరిపడా సభ్యులొస్తే."

జనం ఇళ్ళకు మళ్ళారు. దారిలో తబిత తల్లి చెయ్యి గుంజింది.

"అమ్మా, వాయిదా అంటే?"

"ఇప్పుడు కాదు, తర్వాత అని."

"అయితే పదిహేను రోజులు ఆయన కూడా లోపలే ఉంటాడా? నాన్నలాగా?"

ఎలీసమ్మ ఒంటి మీద ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. సలోమి చెల్లెల్ని పక్కకు లాగింది.

సాయంత్రం ఎలీసమ్మ పాదిరి గారింటికి వెళ్ళింది. పగటి గొడవకు లోపలికి పోయిన అయ్యగారు ఇంకా బయటికి రాలేదు. వాకిట్లో డిప్ప ఒక్కటే ఉంది.

"వందనాలయ్యగారూ. ఒక్కమాట. కమిటీ వాయిదా వేస్తే ప్రభువు ఆగుతాడా?"

డిప్ప కొంచెం అటూ ఇటూ కదిలింది. తర్వాత, "రూలు ప్రకారం..." అని మొదలుపెట్టింది.

"రూలు అడగలేదండీ. రేపు పొద్దున్న చిన్నదాన్ని అక్కడ నిలబెట్టనా, వద్దా? అది చెప్పండి చాలు. తప్పు చేస్తే నా పేరు పోతుంది. చెయ్యకపోతే నా మాట పోతుంది. నిద్ర పట్టడం లేదండీ."

"ఎలీసమ్మా, నేను లోపలున్నాను. లోపలున్నవాడికి బయట ఎవరెక్కడికి వెళుతున్నారో కనపడదు" అన్నాడు అయ్యగారు.

అది అవునో కాదో తేల్చుకోలేక ఆమె వెనక్కి తిరిగింది. తేల్చుకోలేకే పిల్లల ముఖాలు కడిగి, మంచి బట్టలు తీసి దండెం మీద వేసింది.

ఆదివారం తెల్లవారుజామున ముగ్గురూ తోటకు వెళ్ళారు. గేటు తాళం ముంగిస దగ్గరుంది. వానలకు తూర్పు గోడ కూలిన చోటు నుంచి లోపలికి దూరారు. ముళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఎలీసమ్మ చేత్తో నొక్కి పట్టుకుంది. గాలిలో అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. భయం కొద్దీ ఆమె దాని గురించి ఆలోచించలేదు.

ఆరోను సమాధి ముందు నిలబడి పిల్లల చెవిలో చెప్పింది. "కేక వద్దు. గుసగుసగా అందాం. తీర్మానంలో కేక అనే ఉంది. గుసగుస గురించి ఏమీ రాయలేదు, నేను శ్రద్ధగా విన్నాను."

తూర్పున సన్నగా ఎరుపు గీత లేచింది. ఎలీసమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. పోయినేడు ఇదే గీత వచ్చినప్పుడు గంట కొట్టింది ఆరోను. సలోమి తల్లి ముఖం చూసి కళ్ళు దించుకుంది.

తబిత ఇద్దరి వంకా చూసింది. ఇక లాభం లేదనుకుంది.

"ప్రభువు లేచాడు!"

అడవి చివరిదాకా వినపడింది.

"నిజంగా లేచాడు!"

ఆ బదులు తోట నలుమూలల నుంచీ వచ్చింది. ఎలీసమ్మ ఉలిక్కిపడి చూసేసరికి ప్రతి సమాధి వెనక నుంచీ ఒక తల లేస్తోంది. వాళ్ళమ్మ సమాధి వెనక నుంచి దుప్పి. కొంగలు, కుందేళ్ళు, తూర్పు ఒడ్డు వాళ్ళు, పడమటి ఒడ్డు వాళ్ళు. ఎవరి మానాన వాళ్ళు, ఎవరూ చూడకుండా, తమవాళ్ళ దగ్గరికి దొంగల్లా వచ్చి, పక్క సమాధి దగ్గర అలికిడికి కొవ్వొత్తి ఆర్పేసి నక్కి కూర్చున్నవాళ్ళే అందరూ.

"అమ్మా! అందరూ లేచారే!" తబిత గెంతులు వేసింది. తర్వాత ఆరోను సమాధి వంక తిరిగింది. "మరి నాన్నేడీ?"

లేచిన తలలన్నీ కిందికి వాలాయి. ఎలీసమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇవాళ ప్రభువొక్కడే లేచాడు తల్లీ. వీళ్ళంతా మనలాగా వచ్చినవాళ్ళు. నాన్న వంతు ఇంకా రాలేదు."

"వాయిదా పడిందా?"

"లేదమ్మా. వాయిదా పడలేదు. ఎప్పుడో మనకు చెప్పలేదు, అంతే."

తబిత కొంచెం ఆలోచించి, "సరే అయితే" అంది. ఎలీసమ్మ ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి. సలోమి వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది. కాసేపటికి దుప్పి కూడా వచ్చి, ఒకసారి జాగ్రత్తగా చూసుకుని, పక్కనే చతికిలబడింది.

అవతల రెండు పెద్ద సమాధుల వెనక నుంచి ఎలుగుబంటి, దున్న ఒకరినొకరు చూసుకున్నారు. ఎదుటివాడికన్నా ముందు అరుద్దామని మూడు గంటల నుంచి కాపు కాసినవాళ్ళు.

"నువ్వు బదులిచ్చావుగా?" అన్నాడు ఎలుగుబంటి.

"నోట్లోంచి వచ్చేసిందయ్యా. మరి నువ్వు?"

"నాదీ అంతే."

తోట మధ్యలో రాయి అనుకున్నది మెల్లగా తల బయటికి పెట్టింది. "నిన్న సాయంత్రం బయలుదేరానండీ. ఇప్పుడే చేరాను" అన్నాడు అయ్యగారు.

అంతలో ముంగిస తాళంచెవులతో, పుస్తకంతో పరిగెత్తుకొచ్చాడు. గేటు బయటే నిలబడి తీర్మానం పైకి చదివాడు. రూలు మీరినవాళ్ళ పేర్లన్నీ కొట్టివేస్తే సంఘంలో మిగిలేది తీర్మానం ప్రకారం ఇంట్లో పడుకున్న తనొక్కడేనని లెక్క తేల్చాడు.

"అయితే కోరం నువ్వే. కూర్చో నాయనా" అన్నాడు దున్న.

అందరూ కూలిన గోడ మీదుగా బయటికొచ్చి, అయ్యగారి భార్య పొయ్యి మీద పెట్టిన ఉప్మా తినడానికి పాదిరి గారింటికి నడిచారు. గేటు దగ్గర ముంగిస, తను ప్రతిపాదించినదాన్ని తనే బలపరచవచ్చో లేదో అని పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయాడు.

నీతి: మీ సంఘంలో ఏదైనా నిజంగా జరగాలని ఉంటే, ముందు కమిటీ చేత దాన్ని వాయిదా వేయించండి.