పిల్లి నాణేల క్షేమ మార్పిడి ఉపసంఘం

మానవజాతి ఇంతవరకు సాధించిన ఘనకార్యాలన్నిటిలో తలమానికమైనది, ఒక పిల్లి బొమ్మనిచ్చి ఒక డాలరు బొమ్మను పుచ్చుకునే పనిని మధ్యవర్తి అనేవాడు లేకుండా పూర్తిచెయ్యగలగటం. మలేసియాలో బంటింగ్ ఊరి తెలుగువారు సాధించినది అంతకన్నా గొప్పది. మధ్యవర్తి అక్కర్లేని ఆ పనికి వారు ఏడుగురు మధ్యవర్తులను నియమించారు.

ఈ ఏడుగురి అధికారిక నామధేయం 'మీమ్ నాణేల క్షేమ మార్పిడి ఉపసంఘం'. (మీమ్ నాణేలంటే, నవ్వుకోవటానికి వేసిన కుక్క, పిల్లి బొమ్మల పేరుమీద ఫోనుల్లో నడిచే డబ్బు.) బంటింగ్ ప్రాంత తెలుగు సంక్షేమ సంఘానికి ఇది పదకొండో ఉపసంఘం. (మిగిలిన పదింటిలో ఆరు, పాత ఉపసంఘాలు ఏమైపోయాయో కనుక్కోవటానికి వేసినవి.) కువాలా సెలంగోర్‌లో ఎవరో పెద్దమనిషి వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి తన కుక్క నాణేలన్నీ పోగొట్టుకున్నాడని తెలియగానే సంఘాధ్యక్షుడు తాతబాబు అత్యవసర సమావేశం పిలిచాడు. సభ్యులెవరూ తమ ఫోనులోని తమ నాణేలను తామే మార్చుకునే దుస్సాహసానికి ఇకమీదట పూనుకోరాదని తీర్మానం ప్రవేశపెట్టాడు. ఉపకోశాధికారి మునుసామి అందరికన్నా ముందు చెయ్యెత్తి బలపరిచాడు. ఆయనకి తీర్మానంలో ఒక్క ముక్క వినపడలేదు. టిఫినుకి కారిపాప్ ఎవరికి కావాలని అడుగుతున్నారనుకున్నాడు. తీర్మానం సంగతి తర్వాత మినిట్సు పుస్తకంలో చదివి తెలుసుకున్నాడు.

మునుసామి పోర్ట్ క్లాంగ్ గిడ్డంగుల్లో ఫోర్క్‌లిఫ్టుల రొద మధ్య జీవితమంతా పనిచేసి, బయటికొచ్చేటప్పుడు కాస్త సొమ్మూ బోలెడు చెవుడూ వెంటతెచ్చుకున్నాడు. ఆయన భార్య రత్నావతి గొంతు సన్నటిది, పెళ్ళినాడు అత్తవారు మెచ్చుకున్న గొంతు. ఇప్పుడు 'పప్పులో ఉప్పు సరిపోయిందా' అని ఆవిడ అడిగితే వీధి చివర లారీ కడుక్కునే సెల్లప్పన్ 'సరిపోయిందక్కా' అని తమిళంలో జవాబు చెబుతున్నాడు. మొగుడితో ఆడే మాటలన్నీ ఊరంతటికీ తెలుస్తున్నాయి, ఒక్క మొగుడికి తప్ప. చెవిటివాడి ముందు శంఖం ఊదితే 'ఎందుకా ఎముక కొరుకుతావు' అన్నాడట, అలాగ ఉంది ఆవిడ కాపురం.

మొన్నీమధ్య క్లాంగ్‌లో వినికిడి యంత్రాల దుకాణానికి తీసుకెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టి రెండు చెవులకీ తగిలించారు. రత్నావతి ఆయన వెనక నిలబడి, మామూలు గొంతుతో, "ఏటండీ, ఇనబడతందా?" అంది. ఆయన గిర్రున తిరిగి ఆవిడ మొహం చూశాడు. "నీ గొంతు ఇలాగుంటాదేటి? మర్సిపోనాను" అన్నాడు. అక్కడి అమ్మాయి ధర చెప్పింది. ఇద్దరూ యంత్రాలను మళ్ళీ పెట్టెలో పెట్టించి, బస్సెక్కి ఇంటికొచ్చేశారు. ఆ రోజునుంచీ రత్నావతికి ఒకటే కోరిక. మొగుడితో మెల్లగా మాట్లాడాలి. ఏం మాట్లాడాలన్నది తర్వాత సంగతి.

ఆ కోరికకి దారి పిల్లి రూపంలో దొరికింది. పోయిన దీపావళికి అల్లుడు తిబన్ ఊదారంగు కవరులో రింగిట్ నోటుకి బదులు ఒక చీటీ పెట్టి ఇచ్చాడు. ఫోనుకి చూపిస్తే 'కూచింగ్ తీదూర్' అనే నాణేలు వచ్చాయి. అంటే మలయ్‌లో నిద్రపోయే పిల్లి. అత్తగారికి నిద్రపోయే పిల్లిని కానుకగా ఇచ్చే అల్లుణ్ణి ఏమనాలో తెలియక ఆవిడ ఊరుకుంది. పిల్లి మాత్రం ఊరుకోలేదు. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో ఆ బొమ్మని చూసి నవ్వారట, దాంతో ధర లేచింది. (ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ఇప్పుడు ఈ పద్ధతిలో నడుస్తోంది. వెనకటి రోజుల్లో రబ్బరు, పామాయిలు పండించేవారు, పాపం, తెలియక.) కూతురు తనూష ఫోను చేసి, పిల్లి ఇప్పుడు రెండు చెవుల విలువ చేస్తుందని చెప్పింది.

"అమ్మా, డాలర్ టోకెన్‌కి మార్చెయ్, తర్వాత నేను రింగిట్ చేసి పంపిస్తా. పన్నెండు సీక్రెట్ మాటలు ఎవరికీ చెప్పకు, అవి తెలిస్తే నాణేలన్నీ లాగేస్తారు. యాప్‌లో ఉన్న పేరు సరిగ్గా చూడు. ఒక్కసారే నొక్కాలి. వన్ టైమ్ ఓన్లీ."

"నానేటి సిన్నపిల్లనేటే? తెలుసులే" అంది రత్నావతి.

నిజంగానే తెలుసు. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ఏళ్ళతరబడి పనిచేసి ఆవిడ వేలిముద్రలు అరిగిపోయాయి కాబట్టి, ఫోను వేలికి తెరుచుకోదు. అందుకని తనూష అంకెలు పెట్టింది. ఒకసారి అంకెలు కొడితే కాసేపటి దాకా యాప్ తెరిచే ఉంటుంది. రత్నావతి అంకెలు కొట్టింది, పేరు చూసుకుంది, నొక్కబోయింది. సరిగ్గా అప్పుడు మునుసామి గదిలోకొచ్చి, ఫోనులో పిల్లిని చూసి, ఇంట్లో పాము దూరినట్టు కంగారుపడ్డాడు.

"ఓలమ్మ! ఉపసంగం ఉందిగదేటి! ఉపకోశాదికారి ఇంట్లోనే రూలు తప్పితే నా మొకం ఎక్కడెట్టుకుంతాను?"

"మీ సెవులకోసవేనండీ!" అని అరిచింది ఆవిడ.

"అదే నానూ సెప్తున్నాను, నలుగురికోసవే" అన్నాడాయన.

ఆవిడ ఫోను మూసేసింది. ముప్ఫై ఏళ్ళు గిడ్డంగిలో ఎవరూ ఆయన్ని 'గారు' అనలేదు, సంఘంలో అంటున్నారు. ఆ మాట ఆయనకి ఎలాగూ వినపడదని తెలిసినా ఆవిడకి దాన్ని చెడగొట్టాలనిపించలేదు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఆదివారం ఉదయం పట్టుచీర కట్టుకుని, ఫోను చంకసంచీలో పెట్టుకుని సంఘం హాలుకి బయలుదేరింది.

హాల్లో ఏడుగురూ వరసగా కూర్చున్నారు. మధ్యలో తాతబాబు. రిటైరైన ఎస్టేటు గుమాస్తా, ఒకప్పుడు వెయ్యి ఎకరాల పామాయిలు తోట మొత్తం ఆయన సంతకం మీద నడిచింది. ఆయనకి కుడిపక్క కార్యదర్శి విజయరాణి, రబ్బరు ముద్రతో. ఎడమపక్క ముహూర్తాలు చూసే సన్యాసి గారు, ఎనభై దాటినవారు, ఎవరికైనా బాబాయే. చివర్లో మునుసామి. మిగతా ముగ్గురూ కోరం కోసం వచ్చినవారు.

మొదట ఉపనియమం నాలుగు ప్రకారం భద్రతా పరీక్ష. దరఖాస్తుదారు తన పన్నెండు రహస్య పదాలను ఎవరికీ చెప్పకుండా రహస్యంగా దాచుకున్నదీ లేనిదీ ఉపసంఘం రూఢి చేసుకోవాలి. అందుకు ఆ పదాలను సభలో పైకి చదవాలి.

"సదువు సెల్లీ, బయపడకు. అందరం మనోలమే" అన్నాడు తాతబాబు.

రత్నావతి గొంతు సవరించుకుని, "వంకాయ, బెండకాయ, కంగ్‌కొంగ్ ఆకు, పొట్లకాయ, అల్లం..." అని నిన్న పసర్ మాలమ్‌లో, అంటే రాత్రి సంతలో, కొన్న కూరలన్నీ వరసగా అప్పగించింది. పదకొండే వచ్చాయి. పన్నెండోది 'కొసరు కొత్తిమీర' అంది. విజయరాణి అన్నీ రాసుకుని, 'రహస్యముగా ఉన్నవి' అని ముద్ర వేసింది. పదాలు చాలా బలంగా ఉన్నాయని, దొంగవాడికి కలలో కూడా తట్టవని తాతబాబు ప్రశంసించాడు.

తర్వాత జారుడు అంశం. యాప్‌లో ఒక గడి ఉంటుంది. మార్చే క్షణంలో ధర కాస్త అటూ ఇటూ జారితే ఎంతవరకు ఒప్పుకుంటావు అని అది అడుగుతుంది. తనూష అక్కడ నూటికి ఒకటి అని పెట్టింది. అంతకన్నా జారితే మార్పిడి ఆగిపోతుంది, డబ్బు క్షేమం.

"ఆగిపోతాదా?" సన్యాసి గారు ఉలిక్కిపడ్డారు. "మూర్తం ఎట్టుకుని ఆగిపోతే ఎంత అసుబం! అలాటి మాట వొద్దు. ఆగకుండా ఉండాలంటే ఏటి సెయ్యాలి?"

"ఆ అంకె పెంచాలి బాబాయ్. గానీ పెంచితే డబ్బు..." అని నసిగింది రత్నావతి.

"పెంచమ్మా పెంచు. సుబవా అని సేస్తూ పిసినారితనం దేనికి?"

ఇరవైకి పెంచారు. ఆ గడిలో ఇరవై అని రాయటమంటే, సంతలో సరుకు దించకముందే 'అయిదోవంతు కోసుకోండి బాబూ, నేనేమీ అనను' అని చాటింపు వేయించటం. ఆ చాటింపు వినటానికే, నాణేలు చేతులు మారే ఇంటర్నెట్టు వల మీద రాత్రింబగళ్ళు కాచుకుని ఉండే యంత్రాలున్నాయి. (వాటి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి.) రత్నావతికి తనూష పెట్టిన ఒకటి గుర్తొచ్చింది. కానీ ఎనభయ్యేళ్ళ మనిషి శుభం కోరి చెప్పిన మాట, కాదంటే ఏం బాగుంటుంది? ఒక్క అయిదోవంతే కదా, ఒక చెవికి మంచిదీ ఇంకో చెవికి చవకదీ కొనొచ్చని సర్దిచెప్పుకుంది.

వర్జ్యం గడిచాక ఫోనుకి పసుపు కుంకుమ పెట్టారు. నిమ్మకాయ ఫోనుకింద పెట్టాలా పక్కన పెట్టాలా అన్నదానిమీద చర్చ జరిగి, పక్కన అని తీర్మానమైంది. సన్యాసి గారు "ఊఁ" అన్నారు. రత్నావతి అంకెలు కొట్టి, దణ్ణం పెట్టుకుని, నొక్కింది. పిల్లి కళ్ళు తెరిచి, ఒళ్ళు విరుచుకుని, డాలర్లయి కూర్చుంది. అయిదోవంతు యంత్రాలు మింగగా మిగిలినది చెవులకి సరిపోతుంది. అంతే, పని అయిపోయింది.

ఇక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ పందిరి రాట పాతినా, కొత్త లారీకి పూజ చేసినా, అయినవాళ్ళందరూ తలో చెయ్యి వెయ్యటం మనవాళ్ళ ఆచారం. ఒక్క పెద్దమనిషిని మరిచిపోతే ఆ అలక ఆయన మనవల పెళ్ళిళ్ళదాకా సాగుతుంది. రత్నావతి నలభయ్యేళ్ళుగా ఎన్ని రాటల దగ్గర నిలబడిందో! సంతోషంలో ఆవిడ నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"రండి బాబాయ్, రండన్నయ్యా, అందరూ తలో సెయ్యీ ఎయ్యండి!"

అని, హారతి పళ్ళెం కోసం వెనక్కి తిరిగింది.

ఆ యాప్ తయారుచేసినవాడు ఎవడో గానీ దయగలవాడు. చేసిన మార్పిడి నచ్చకపోతే వెంటనే వెనక్కి మార్చుకునే మీట, అదే చోట, అదే రంగులో పెట్టాడు. సన్యాసి గారు కళ్ళకద్దుకుని చెయ్యి వేశారు. డాలర్లు పిల్లయ్యాయి. తాతబాబు వేశాడు, పిల్లి డాలర్లయింది. విజయరాణి ఉంగరం వేలితో అందంగా తాకింది, మళ్ళీ పిల్లి. కోరం కోసం వచ్చినవారు కూడా ఆ రోజు బాధ్యత విస్మరించలేదు. చెయ్యి పడిన ప్రతిసారీ యంత్రాలు ఉన్నదాంట్లో అయిదోవంతు కోసుకున్నాయి, మధ్యలో వల తన రుసుమూ తీసుకుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అది ఇంత ఖచ్చితంగా, ఇంత భక్తితో జరగటం చరిత్రలో ఇదే మొదటిసారి అయుండాలి.

కర్పూరం వెలిగించి ఇటు తిరిగిన రత్నావతి తెరమీద అంకె చూసింది. డాలర్లే ఉన్నాయి గానీ, ఒక చెవిలో సగానికి కూడా రావు.

"ఆపండి! ఆపండి! ఇంకెవులూ ముట్టొద్దు!"

ఆ కేకకి అందరూ ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. బయట వీధిలో వెళ్ళే మోటర్‌సైకిలు కూడా ఆగింది. వరసలో ఆఖరివాడు మునుసామి మాత్రం, చిరునవ్వుతో ముందుకొచ్చి, భార్యవైపు ఆప్యాయంగా చూసి, గట్టిగా నొక్కాడు.

డాలర్లు పిల్లయ్యాయి. పిల్లి నిద్రపోయింది. ఆ సాయంత్రానికి దాన్ని చూసి నవ్వేవాళ్ళు ప్రపంచంలో ఎవరూ మిగల్లేదు, ధర పూర్తిగా పడిపోయింది.

ఇంటికెళ్ళే బస్సులో మునుసామి, "ఏటి, అంతా బాగా అయినట్టేనా?" అన్నాడు. రత్నావతికి ఏడుపు ముంచుకొచ్చింది. జరిగింది చెప్పాలంటే అరవాలి, అరిస్తే బస్సు మొత్తానికీ తెలుస్తుంది, ఆయన పరువు పోతుంది. అందుకని, దుకాణంలో మాట్లాడినట్టే, మామూలు గొంతుతో మెల్లగా చెప్పేసింది. మొదటినుంచి చివరిదాకా, ఆఖరి చెయ్యి ఎవరిదో కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఆవిడ పెదాల వైపే చూస్తూ, మధ్యమధ్య ఊఁ కొడుతూ విన్నాడు. విన్నట్టే ఉన్నాడు. చివర్న ఆవిడ చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసు, నువ్వు సేస్తే తిరుగుండదు" అన్నాడు. ఆవిడ ఆ చెయ్యి విదిలించుకోలేదు, నవ్వనూ లేదు.

వారం తిరిగాక సర్వసభ్య సమావేశంలో ఉపసంఘం నివేదిక చదివారు. దొంగ లింకులేవీ నొక్కబడలేదు. అపరిచితులెవరూ ఫోనును తాకలేదు. రహస్య పదాలు పదిలం. మార్పిడులన్నీ పెద్దల సమక్షంలో, శుభముహూర్తంలో, ఒక్కటి కూడా ఆగిపోకుండా జరిగాయి. మోసానికి గురైన సభ్యులు: లేరు. సభ చప్పట్లు కొట్టింది. రత్నావతికి భద్రతా పత్రం, లామినేషన్ చేయించి, శాలువాతో సహా అందజేశారు.

పత్రం పుచ్చుకుని, ఆవిడ వేదికమీదే నిలబడిపోయింది.

"అయితే అన్నయ్యా, దొంగోడు రానేదు, మోసం అవనేదు. మరి నా డబ్బేటయిపోనాది?"

తాతబాబు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, చెల్లెలికి చెప్పినంత ప్రేమగా చెప్పాడు.

"ఎక్కడికీ పోనేదు సెల్లీ. సేమంగా అయిపోనాది."