చివర ఎస్ లేని ఉత్తరం

గురువారం ఉదయం ఖాలిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి వన్ టౌన్‌లోని ఇంటి నుంచి స్కూటర్ మీద బయలుదేరాలి. తొమ్మిదింటికి కాలేజీలో పరీక్షల సెక్షన్ తాళం తీయాలి. పదింటికి సెకండియర్ పిల్లలు రెండువందల నలభై మందికి ఇంగ్లీషు ప్రశ్నపత్రాలు పంచాలి. పదకొండింటికి చైర్మన్ రామకోటేశ్వరరావుగారు చూడటానికి వచ్చేసరికి వరండాలో తీరిగ్గా నిలబడి ఆయన కళ్ళబడాలి. ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు కుర్చీ ఎవరికివ్వాలో ఆయన ఈ వారంలోనే తేల్చబోతున్నారు. ఆ కుర్చీ పక్క బల్ల దగ్గరే ఖాలిక్ పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు.

మధ్యలో అడ్డం వచ్చింది ఇంగ్లీషు. కొత్త ప్రిన్సిపాల్ సింధూరిగారు ఇరవయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి ఆ గదిలోకి వచ్చినావిడ. పోయిన వారం ఖాలిక్ రాసిన ఉత్తరం మీద ఎర్రసిరాతో మూడు చోట్ల సున్నాలు చుట్టి, అతన్ని పిలిపించారు.

"ఫర్నిచర్స్, ఇన్ఫర్మేషన్స్, స్టేషనరీస్. ఏమిటండీ ఇవన్నీ? ఇవి లెక్కపెట్టకూడని మాటలు. ముందు నెంబరు ఉండకూడదు, చివర ఎస్ ఉండకూడదు."

"ఫర్నిచర్ నేనే లెక్కపెట్టానండీ మేడమ్. కుర్చీలు డెబ్బై రెండు, బల్లలు నలభై."

"కుర్చీలు లెక్కపెట్టొచ్చు. బల్లలు లెక్కపెట్టొచ్చు. ఫర్నిచర్ లెక్కపెట్టకూడదు."

"అవీ ఇదీ ఒకటే కదండీ."

"ఒకటేనండీ. అయినా లెక్కపెట్టకూడదు."

ఖాలిక్ ఆ సాయంత్రం డిగ్రీ చదువుతున్న కూతురు ఆఫ్రీన్ ముందు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాడు. ఆఫ్రీన్ చెబుతుంటే రాసుకున్నాడు. రైస్, వాటర్, లగేజ్, అడ్వైస్, హెయిర్, పేపర్.

"జుట్టు కూడా లెక్కపెట్టకూడదా?"

"కూడదు అబ్బా."

"మీ అబ్బాది పెట్టొచ్చులే" అంది వంటింట్లోంచి భార్య షాహీదా.

"ఇంకా ఉంది అబ్బా. కొన్ని మాటలు రెండు రకాలుగానూ..."

"చాలమ్మా. ముందు ఇది ఒంటబట్టనీ" అని ఖాలిక్ పుస్తకం మూసేశాడు.

మర్నాడే ప్రెస్సుకు ఉత్తరం రాయవలసి వచ్చింది. ఏటా అతను 'రెండువందల నలభై క్వశ్చన్ పేపర్స్ ముద్రించి పంపగలరు' అని ఇంగ్లీషులో రాసేవాడు. ఈసారి కలం ఆగింది. పేపర్ జాబితాలో ఉంది. అతను ముందున్న నెంబరు తీసేశాడు, చివరనున్న ఎస్ తీసేశాడు. మిగిలింది 'క్వశ్చన్ పేపర్'. సింధూరిగారు ఎర్రపెన్ను తెరిచి ఆ ఉత్తరాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. సున్నా చుట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. సంతకం పెట్టి, "ఇదీ ఉత్తరమంటే" అన్నారు. పంతొమ్మిదేళ్ళలో అతని ఇంగ్లీషును మెచ్చుకున్న మనిషి ఆవిడే. ఆ మాట అతను ఇంటికెళ్ళి షాహీదాకు మూడుసార్లు చెప్పాడు.

బుధవారం సాయంత్రం ప్రెస్సు నుంచి లక్క ముద్రలతో కట్ట వచ్చింది. దాన్ని పరీక్షకు పావుగంట ముందు, ప్రిన్సిపాల్ ఎదుట తప్ప విప్పకూడదు. అటెండరు ఎలీషా దాన్ని ఇనప బీరువాలో పెడుతూ, "ఈసారి తేలిగ్గా ఉందండీ" అన్నాడు.

"సన్న కాగితం వేసుంటారు" అన్నాడు ఖాలిక్.

గురువారం తొమ్మిదీ ముప్పావుకు ముద్రలు పగలగొట్టారు. గుడ్డ లోపల రెండు అట్టలున్నాయి. అట్టల మధ్య ఒక్క ప్రశ్నపత్రం ఉంది. ఎలీషా అట్టలు తిరగేసి చూశాడు. గుడ్డ దులిపి చూశాడు. ఖాలిక్ ప్రెస్సు యజమాని హనుమయ్యకు ఫోన్ చేశాడు.

"ఒకటే వచ్చిందండీ హనుమయ్యగారూ."

"ఒకటే వేశామండీ. మీ ఉత్తరం నా ముందే ఉంది. నెంబరు లేదు, చివర ఎస్ లేదు. ఎస్ లేకపోతే ఒకటే కదండీ."

"మీరు ఏటా ఎన్ని వేస్తారో తెలియదాండీ?"

"తెలుసండీ. పోయినేడు ఒక కాలేజీకి పది ఎక్కువ వేశానని నన్ను పోలీసు స్టేషన్ దాకా తిప్పారు. అప్పట్నించీ రాసింది రాసినట్టే వేస్తున్నాను. ఇప్పుడు మొదలుపెడితే గంటన్నర పడుతుంది, వెయ్యమంటారా?"

గంటన్నర ఆగితే మధ్యాహ్నం అవే గదుల్లో జరగాల్సిన ఫస్టియర్ పరీక్ష చెడుతుంది. సింధూరిగారు ఉత్తరం నకలు తెప్పించుకుని తప్పు కోసం వెతికారు. తప్పు దొరకలేదు. కింద తన సంతకం దొరికింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "జిరాక్స్ తీయించండి" అన్నారు నీరసంగా.

ఆఫీసు జిరాక్స్ మిషను నాలుగు తెల్లకాగితాలు బయటికి పంపి, అసలు కాగితాన్ని లోపలికి లాక్కుంది. ఎలీషా పట్టుకుని లాగితే సగం వచ్చింది. మిగతా సగాన్ని స్కేలుతో గీకి తీయవలసి వచ్చింది. ముక్కలకు ఫోన్లో ఫొటో తీసి ఆరు గదుల లెక్చరర్లకూ పంపుదామన్నాడు ఎలీషా. ప్రశ్నపత్రం వాట్సాప్‌లో తిరిగిందన్న పేరు వస్తే కాలేజీ మూసుకోవాలని సింధూరిగారు ఒప్పుకోలేదు. మైకులో చదువుతాననీ, పిల్లలు రాసుకుంటారనీ అన్నారు.

అలా పదీ పదికి ఆవిడ మైకు ముందు కూర్చున్నారు. పక్కన ఖాలిక్ రెండు ముక్కలనూ అతికించి పట్టుకున్నాడు. మొదటి ప్రశ్న, కింది పది వాక్యాల్లో తప్పులు దిద్దండి.

"ది ఫర్నిచర్ ఇన్ దిస్ రూమ్ ఈజ్ ఓల్డ్" అని చదివారావిడ.

కాగితం మీద ఉన్నది 'ఫర్నిచర్స్ ఆర్' అని. ఇరవయ్యేళ్ళు తప్పులు దిద్దిన నోరు తప్పు పలకనని మొరాయించింది.

"మేడమ్, ఎస్ ఉందండీ" అన్నాడు ఖాలిక్ మెల్లగా. ఆ మాట ఆరు గదుల్లోనూ వినిపించింది.

ఆవిడ తల ఊపి రెండో వాక్యం చదివారు. "హీ గేవ్ మీ మచ్ అడ్వైస్."

"మచ్ కాదండీ, మెనీ అండీ. చివర ఎస్ కూడా ఉందండీ."

ఆవిడ ఎంత జాగ్రత్త పడితే నాలుక అంత సరిగ్గా పలికింది. సరైన వాక్యం ఆవిడ చెబుతుంటే, తప్పు వాక్యం ఖాలిక్ అందిస్తున్నాడు. నాలుగో వాక్యానికి పిల్లలకు సంగతి అర్థమైంది. ఐదో వాక్యానికి పక్క గదిలోంచి ఎవరో, "సార్, దీనికీ ఎస్ ఉందా?" అని కేకేశారు.

"ఉంది బాబూ" అన్నాడు ఖాలిక్. దాచిపెట్టడానికి అతని దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

పదో వాక్యం అయ్యాక తలెత్తి చూస్తే, పదకొండు కాకముందే గుమ్మంలో చైర్మన్‌గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఖాలిక్‌కు సూపరింటెండెంటు కుర్చీ సంగతి అటుంచి, ఉన్న బల్ల అయినా ఉంటుందా అనిపించింది. ఇంటికెళ్ళి షాహీదాకు ఏం చెప్పాలో తోచలేదు. పరీక్ష ముగిసేలోపు, జరిగిందంతా తన తప్పేనని తెలుగులో ఒకటిన్నర పేజీ క్షమాపణ రాశాడు.

మూడింటికి పిలుపు వచ్చింది. రామకోటేశ్వరరావుగారు పామర్రులో రైసు మిల్లు నడిపి పైకొచ్చిన మనిషి. ఇంగ్లీషు జోలికి పోలేదు. క్షమాపణ పత్రం విప్పకుండానే పక్కన పెట్టి, ప్రెస్సు ఉత్తరం సింధూరిగారి ముందుకు జరిపారు.

"ఇందులో తప్పుందా అమ్మా?"

"గ్రామర్ ప్రకారం లేదండీ."

"ప్రెస్సువాడు?"

"రాసింది రాసినట్టే వేశాడండీ."

చైర్మన్‌గారు ఖాలిక్ వైపు తిరిగారు. "మీరిలా రండి. పొద్దున నేను గుమ్మంలో నిలబడి చెవులారా విన్నాను. అమ్మగారంతటి ఆవిడ చదువుతుంటే ప్రతి వాక్యంలోనూ అందుకుని సరిదిద్దారు. ఇంత ఇంగ్లీషు పెట్టుకుని ఇన్నేళ్ళు ఆ బల్ల దగ్గర ఎందుకు దాక్కున్నారండీ?"

"కాదండీ, అసలు జరిగిందేమిటంటే..."

"వినయం చాలు. సూపరింటెండెంటు మీరే. ఈ కాలేజీలోంచి ఇంగ్లీషు ఉత్తరం ఏది వెళ్ళినా ఇకనుంచి మీరే రాయాలి."

ఖాలిక్ ఆదుకోమన్నట్టు సింధూరిగారి వైపు చూశాడు. ఆవిడ ఉత్తరం కింద తన సంతకం వైపు చూస్తూ కూర్చున్నారు.

జవాబు పత్రాలు దిద్దితే, రెండువందల నలభై మందికీ మొదటి ప్రశ్నలో పదికి పది వచ్చాయి. అందులో ముప్పైమంది ప్రశ్న చివర 'అండీ' కూడా రాశారు. పరీక్ష రద్దు చేయక తప్పలేదు. మళ్ళీ వచ్చే గురువారం పెట్టాలని నిర్ణయమైంది. ప్రశ్నపత్రాల కోసం ప్రెస్సుకు ఉత్తరం రాసే పని కొత్త సూపరింటెండెంటుగారిది.