తోక లేని పిట్ట

క్రిస్మస్ ముందురోజు పొద్దున ఓబళప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. బాతును పొయ్యి మీదికి ఎక్కించాలి, హాల్లో సరుగుడు కొమ్మ నిలబెట్టాలి, దొరసాని స్టేషను నుంచి వచ్చేలోపల పెట్టెలోని బొమ్మలు తుడిచి కొమ్మకు కట్టాలి. కంటోన్మెంటులోని ఆ బంగళాలో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్నవాడికి ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. కాకపోతే ఆ ఏడు, అంటే 1946లో, దొరికిన బాతు బాగా ముదురుది. పొయ్యి దగ్గర నుంచి కదలడానికి వీల్లేక, హలసూరులోని ఇంటి నుంచి భార్య కెంపమ్మను సాయానికి తెచ్చుకున్నాడు.

దొరసాని పేరు మిస్ కార్టర్. బళ్లారిలో పుట్టి ఆయా ఒళ్లో తెలుగు నేర్చుకున్నది కనుక ఆవిడ తిట్లు శుభ్రంగా అర్థమయ్యేవి. పెళ్లి చేసుకోలేదు. ఆవిడకున్న కుటుంబమంతా ఆ పెట్టెలోనే ఉండేది: తోక లేని గాజుపిట్ట, కాలు లేని తగరపు సిపాయి, ఒంటిరెక్క పింగాణీ దేవదూత. వేట నుంచి వచ్చిన తండ్రి బూటుకాలితో పిట్ట తోక తొక్కాడు. సిపాయి కాలు కుక్క నమిలింది. చెల్లెలు పెళ్లై మద్రాసు వెళ్లిన రోజు దేవదూత రెక్క విరిగింది. ఏటా పండగపూట ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఈ కథలు చెప్పనిదే ఆవిడ ముద్ద ముట్టేది కాదు.

ఈసారి ఆ చెల్లెలే వస్తోంది, ముప్ఫై ఏళ్ల తరువాత. శాశ్వతంగా ఇంగ్లండు వెళ్లిపోతున్నాననీ, పెట్టె తనకే ఇస్తానని నాన్న మాట ఇచ్చాడు గనక దాన్ని తీసుకుపోతాననీ ఉత్తరం రాసింది.

"వాటికి ఈడ ఇదే కడపటి పండగ, ఓబళప్పా. ఒక్కటి పోయినా నీ పని ఈ ఇంట్లో సరి" అని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ దొరసాని జట్కా ఎక్కింది.

ఓబళప్ప పెట్టెను భార్య ముందు పెట్టాడు. "దొరసానమ్మ దేవుడి సామాన్లు ఉండాయి. పండగకు ఎట్ల చేయాల్నో నీకు నేను చెప్పాల్నా?" అని వంటింట్లోకి పోయాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

కెంపమ్మ పెట్టె తెరిచి గుండె మీద చేయి వేసుకుంది. విరిగిన దేవుణ్ణి ఇంట్లో ఉంచుకోకూడదు; పండగపూట అసలే కూడదు. దొరసానికి పెళ్లెందుకు కాలేదో అప్పటికప్పుడే తెలిసిపోయింది. రెక్కలున్నది అమ్మవారు, పిట్ట వాహనం, సిపాయి ద్వారపాలకుడు అని తేల్చుకుని, ముగ్గుర్నీ చేటలో కూర్చోబెట్టింది. పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి, హలసూరు చెరువుకు నడిచి వెళ్లి నీళ్లలో వదిలింది. తలస్నానం చేసి మరీ వచ్చింది.

"బొమ్మలేవే?" అన్నాడు ఓబళప్ప.

"గంగమ్మకు ఇచ్చొచ్చినా."

"అన్నీనా?"

"అన్నీ ఇరిగినవే గదా! సక్కంగా ఒక్కటన్నా ఉండాదా?"

ఓబళప్ప ముందు చతికిలబడ్డాడు, తరువాత చెరువుకు పరుగెత్తాడు. చేపలు పట్టే మారప్పను బతిమాలి నీళ్లలోకి దించాడు. మారప్ప నాలుగుసార్లు మునిగి, ఒక సొట్ట చెంబూ బోలెడంత బురదా తెచ్చాడు. "ఇచ్చినాక మళ్లీ అడిగితే గంగమ్మ ఒప్పుకోదప్పా" అని గట్టెక్కాడు. ఓబళప్ప బంగళాకు తిరిగొచ్చేసరికి బాతు మాడింది.

ఈలోపల కెంపమ్మ ఇంటికి పోయి తన దసరా బొమ్మలు తెచ్చింది. గాజులా నున్నగా లక్క పూసిన చన్నపట్నం చిలక, మైసూరు సిపాయి, గరుత్మంతుడు. ఓబళప్ప ప్రాణం లేచివచ్చింది.

"చిలకకు తోక ఉండాదే" అన్నాడు కాసేపటికి.

"ఉంటే ఏమి?"

"దొరసానమ్మ పిట్టకు లేదు."

కెంపమ్మకు అర్థమైంది. "మా అమ్మ సారెలో పెట్టిన చిలక అది. ఏటేటా మెట్టు మీద కూకోబెట్టినా. ఒక్క గీత పడనీలేదు."

"నా పని పోతాది, కెంపీ."

ఆవిడ మొహం తిప్పుకుంది. టక్కుమన్న చప్పుడు విని ఏడ్చింది. సిపాయి కాలు వంటకత్తికి బలైంది. గరుత్మంతుడికి ఒక రెక్క తీసేసి, మీసం గీకి, బియ్యప్పిండి పూశారు. ముక్కును మాత్రం ఏమీ చేయలేకపోయారు.

మధ్యాహ్నం అక్కచెల్లెళ్లు దిగారు. చెల్లెలికి కళ్లలో పొరలు. కొమ్మ దగ్గరికి వెళ్లి చిలకను మొహానికి ఆనించుకుని, తోక ఉండాల్సిన చోట వేలితో తడిమి, నాన్న బూటు గుర్తొచ్చి భోరుమంది. సిపాయిని తడిమి కుక్కను పేరు పెట్టి పిలిచింది. దేవదూతను చూసి, వయసు మీదపడితే అందరికీ ముక్కు పెరుగుతుంది కాబోలు అని మాత్రం అంది.

మిస్ కార్టర్ బొమ్మలను చూసింది, ఓబళప్పను చూసింది. మూడు కథలూ మొదటినుంచి చెప్పింది, ఎన్నడూ లేనంత బాగా చెప్పింది. మాడిన బాతును కూడా మారు అడిగి తిన్నది. మర్నాడు పండగ భోజనం కాగానే చెల్లెలు పెట్టెను ఒళ్లో పెట్టుకుని స్టేషనుకు బయలుదేరింది.

జట్కా మలుపు తిరగగానే దొరసాని వంటింట్లోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నా మనసు తెలిసినోడు నువ్వొక్కడే, ఓబళప్పా! ఇంక చెప్పు, మా అసలు బొమ్మలు యాడ దాచినావు?"

తలుపు పక్కనుంచి కెంపమ్మే అంతా చెప్పింది. దొరసాని స్టూలు మీద కూలబడింది. ఆవిడకు నిజంగానే దుఃఖం వచ్చింది.

"కర్పూరం గూడా ఎలిగించినావా?" అంది చివరికి.

"ఎలిగించినా దొరసానమ్మా."

"సరేలే. దాని చేతికి పోయేదానికన్నా గంగమ్మకు పోవడమే మేలు." మళ్లీ అడిగింది: "ఆ చిలక ఎవురిది?"

"మా అమ్మది" అంది కెంపమ్మ.

దొరసాని ఇంకో స్టూలు ముందుకు జరిపింది. "ఇట్ల కూకో. దాని కత చెప్పు."

ఇంగ్లండులో మాత్రం ఆ చిలక కథను బూటుకాలితో సహా ఏటా చెప్పుకుంటున్నారట. అందులో నిజం ఒక్కటే, దానికి తోక లేదు.