నాలుగువందల పన్నెండు రోజుల బ్యాకప్

మన ఆరోగ్యశాఖ మంత్రిగారి హయాంలో సర్వరు బ్యాకప్ ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇది నేనంటున్న మాట కాదు. సర్కారు ఆస్పత్రిలో ఆపరేషన్ల కార్యాలయం గోడమీది ఆకుపచ్చ బోర్డే చెబుతోంది: ‘నాలుగువందల పన్నెండు రోజులు. వైఫల్యాలు సున్నా.’ ఇలాంటి బోర్డు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి, సవాలు.

ఆ బోర్డు కింద మూడు రోజులు నిలబడే అదృష్టం నాకు పట్టింది. మా అమ్మకి గుండెలో వాల్వు మార్చాలి. ఏడాది ఎదురుచూస్తే గురువారానికి వంతు వచ్చింది. ఈ వారం దాటితే నా పూచీ లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. తొమ్మిదో కౌంటరువాళ్లు వంతు చీటీ రాసిస్తే చాలు, అమ్మని చేర్చుకుంటారు. కౌంటరాయన మీట నొక్కుతాడు. తెరమీద చక్రం తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది.

“ఏమైందండీ?”

“సర్వరు స్లో.”

“పోనీ, కాగితం మీద రాసివ్వండి.”

“కంప్యూటర్లో ఎలా ఉంటే అలాగేనయ్యా. నా చేతుల్లో ఏముంది?”

కౌంటరు పక్కనే అద్దాల గది. అందులో సర్వరు, సర్వరు కోసం ఏసీ, ఏసీ కోసం డైరెక్టరుగారు ఉంటారు. సర్వరు బాగోగులు చూసేది మాత్రం ఒక కాంట్రాక్టు ఉద్యోగిని. అందరూ ఆవిడని కంప్యూటరమ్మ అంటారు. గది తలుపు సరిగ్గా పడదు కాబట్టి లోపలి మాటలన్నీ క్యూలోకి వినబడతాయి. పారదర్శక పాలనంటే ఇదే.

“సార్, డిస్కు నిండిపోయింది. కొత్తది కావాలని ఆర్నెల్లుగా రాస్తున్నాను.”

“ఇల్లు నిండితే కొత్త ఇల్లు కడతామా అమ్మా? సామాను పారేస్తాం.”

“పారేయాల్సిన పాత ఫైళ్లన్నీ పారేశాను సార్. మిగిలింది రోగుల జాబితా ఒక్కటే.”

“బ్యాకప్ ఉందిగా?”

“అది తిరిగి ఎక్కుతుందో లేదో ఒక్కసారి పరీక్షిద్దామని మూడు ఉత్తరాలు రాశాను.”

“మంత్రిగారు ప్రారంభించిన బ్యాకప్‌ని పరీక్షించడమా? ఆయన్ని అనుమానించినట్టు కాదూ!”

అదీ విధేయత. ఆ ప్రారంభోత్సవం గురించి నేనూ పేపర్లో చదివాను. ఒక నమూనా జాబితా తయారుచేసి, అందులో మొదటి రోగిగా మంత్రిగారి పేరొక్కటే ఎక్కించారు. ఏ ఆపరేషనో చెప్పే గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోదట, అందుకని ఏదో ఒకటి నొక్కారు. ఆయన స్వహస్తాలతో దాన్ని బ్యాకప్ తీశారు. ఆ చేత్తో పెట్టిన అమరికని ఎవరూ కదిలించకూడదని అదే రోజు ఆర్డరు కూడా వేశారు.

బుధవారం కెమెరాలతో సహా మంత్రిగారే వేంచేశారు.

“ఏంటీ చక్రం?”

“ప్రజాదరణ సార్. తాకిడి ఎక్కువైంది,” అన్నారు డైరెక్టరుగారు.

“జాబితాలో నలభై వేలమంది ఉన్నారు సార్, డిస్కు...” అంటూ కంప్యూటరమ్మ అడ్డం వచ్చింది.

“నలభై వేలమందిని మోస్తే ఏ సర్వరుకైనా నీరసం రాదా? మొత్తం దించేసి, బ్యాకప్ లోంచి మళ్లీ ఎక్కిస్తే తేలికపడుతుంది. నా బ్యాకప్ మీద నాకు నమ్మకముందమ్మా!”

ఆయనే నొక్కారు. చక్రం ఆగింది. చప్పట్లు. నేనూ కొట్టాను, గార్డు నావైపే చూస్తున్నాడు.

“ఇప్పుడు ఎక్కించు.”

కంప్యూటరమ్మ ఎక్కించింది. రెప్పపాటులో అయిపోయింది.

“చూశారా సార్ వేగం!” అన్నారు డైరెక్టరుగారు.

తెరమీద ఒకే ఒక్క వరస కనబడింది. కంప్యూటరమ్మ కుర్చీలో కూలబడింది.

“ఇన్నాళ్లూ ఆ నమూనా జాబితానే బ్యాకప్ అవుతోంది సార్. అమరిక కదిలించొద్దన్నారుగా.”

మంత్రిగారు గోడమీది బోర్డువైపు తిరిగారు. “అయితే బ్యాకప్ తప్పలేదన్నమాట.”

“ఒక్కరోజూ తప్పలేదు సార్!”

మర్నాడు పేపర్లన్నిటిలోనూ ఒకటే వార్త: ‘ఆపరేషన్ కోసం ఎదురుచూసే రోగులు నలభై వేల నుంచి ఒక్కరికి తగ్గారు.’

గురువారం అమ్మని తీసుకొచ్చి బెంచీమీద కూర్చోబెట్టాను. నాలుగడుగులకే ఆయాసపడుతోంది. కౌంటరాయన ఈసారి చక్రం లేకుండానే చెప్పేశాడు.

“మీ అమ్మ పేరు లేదయ్యా.”

“థియేటరు ఖాళీయేగా?”

“ఖాళీ ఎందుకుంటుంది? ఒకటో నంబరు రోగి కోసం సిద్ధం చేశారు. డాక్టరు చేతులు కడుక్కుని కూర్చున్నాడు.”

నా అదృష్టం కొద్దీ, కొత్త బోర్డు తగిలించడానికి మంత్రిగారు అప్పుడే వచ్చారు. కాళ్లమీద పడ్డాను.

“అయ్యా, మీరు ఒక్కమాట చెబితే మా అమ్మని లోపలికి తీసుకుంటారు.”

ఆయన నన్ను లేవదీసి, భుజంమీద చెయ్యేసి, కెమెరావైపు తిరిగారు. “చూడు తమ్ముడూ, మంత్రినైనా సరే, కంప్యూటర్లో ఎలా ఉంటే అలాగే. జాబితా ముందు అందరం సమానమే.”

“ఏమన్నార్రా?” అంది అమ్మ బెంచీమీంచి.

“అందరం సమానమేనట అమ్మా.”

అప్పుడే స్ట్రెచరు తోసుకుంటూ ఇద్దరొచ్చారు. ముందున్నవాడు చీటీ చూసి పేరు పైకి చదివాడు. మంత్రిగారి పేరు.

“ఒకటో నంబరు. ఎడమకాలు మోకాలి పైదాకా తీసెయ్యాలి. ఎవరండీ?”

క్యూలో ఉన్నవాళ్లందరం ఒక్కసారే మంత్రిగారివైపు చెయ్యి చూపించాం. బెంచీమీంచి మా అమ్మ కూడా.