రాయికి పెట్టిన హెల్మెట్

ఆ రోజుకు జీవానందం వేసుకున్న ఏర్పాటులో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున ఏడింటికి మనుబోలులో రాయి బండికి ఎత్తించుకోవాలి. గూడూరు మీదుగా పదిన్నరకల్లా వాకాడు పక్కన తమ ఊరి సమాధుల తోటకు చేరాలి. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా రాయి నిలబెట్టాలి. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి, ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించకుండా రిటైరైన మనిషికి ఇదొక లెక్కా?

రాయి ఆయన భార్య రెబెక్కమ్మది. నిరుడు ఇదే తారీఖున, పొద్దున్నే కాఫీ పెట్టబోయి పొయ్యి ముందరే కూలిపోయింది. పక్క గదిలో గడ్డం గీసుకుంటున్న జీవానందం, గిన్నె పడిందనుకున్నాడు. గీసుకోవడం పూర్తిచేసి మరీ వెళ్లాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురు అబిగయీలుకు కూడా చెప్పలేదు.

వాళ్ల సంఘంలో ఒక అలవాటు ఉంది. ఆలుమగల్లో ఒకరు ముందు పోతే, రెండో వాళ్ల పేరు కూడా అదే రాయి మీద చెక్కిస్తారు. పుట్టిన తేదీ వేయించి, ‘మరణం’ అన్న మాట పక్కన ఖాళీ వదిలేస్తారు. సమయం వచ్చినప్పుడు చెక్కేవాడు ఉలి పట్టుకుని వచ్చి ఆ ఖాళీ నింపి పోతాడు. జీవానందం కూడా అట్లాగే చేయించాడు. పైన రెబెక్కమ్మ, కింద జీవానందం.

"మగోళ్ల పేరు ముందు చెక్కడం కదన్నా అలవాటు?" అని రాయి చెక్కే కామాక్షయ్య అడిగాడు.

"ఇల్లు నా పేరు. చేను నా పేరు. గ్యాసు పుస్తకం కూడా నా పేరే. ఈ రాయి మీదన్నా ఆమె ముందుండనీ" అన్నాడు జీవానందం.

కామాక్షయ్య రాయిని ఎత్తి, జీవానందం టీవీఎస్ మోపెడ్ వెనక సీటు మీద నిలబెట్టాడు. అక్షరాలు వెనక్కి తిప్పి, అడుగున రెబెక్కమ్మ పాత చీర మడిచి పెట్టి, తాళ్లతో బిగించాడు. "పడుకోబెడితే గతుకులకి మధ్యకి ఇరుగుతుందన్నా. ఇట్టానే పోనీ. పైన సిలువ కొసలు మాత్రం పలచగా ఉండాయి. యాడన్నా తగిలితే లేచిపోతాయి, జాగర్త."

జీవానందం ఒక్క క్షణం ఆలోచించి, తన తలమీది హెల్మెట్ తీసి సిలువకు తొడిగి, పట్టీ బిగించాడు.

"మరి నీ తలకాయో?"

"నా తలకాయ కొసలు ఎప్పుడో అరిగిపోయినాయిలే."

నిజానికి ఆ హెల్మెట్ జీవానందం తలమీద ఉన్న రోజులు తక్కువ. రెబెక్కమ్మ గూడూరులో పట్టుబట్టి కొనిపించింది. "పెట్టుకోవయ్యా" అని ఆమె, "బస్సు డ్రైవరుకి హెల్మెట్ ఏందే, నవ్వుతారు" అని ఈయన. చివరికి ఆమెకు ఒళ్లు మండి, "నువ్వు పెట్టుకోకపోతే నేనే పెట్టుకుంటా, ఒక్కరన్నా మిగలాలి గదా" అని తనే తగిలించుకుని వెనక కూర్చునేది. బట్టతల మొగుడు ముందు, హెల్మెట్ పెళ్లాం వెనక. చర్చికి వాళ్లట్లా పోతుంటే ఊరంతా నవ్వేది. ఆమె పోయాక ఈయన బుద్ధిగా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చెప్పేవాళ్లు పోయాకే మాట చెవికెక్కుతుంది కాబోలు.

గూడూరు దాటి కోట రోడ్డెక్కేదాకా అంతా సవ్యంగానే సాగింది. ఒక కల్వర్టు దగ్గర పోలీసులు బండ్లు ఆపుతున్నారు. కల్వర్టుకు ఈ చివర హోంగార్డు వినీల ఫోను పట్టుకుని నిలబడి, దాటిపోయే ప్రతి బండినీ వెనక నుంచి ఫొటో తీస్తోంది. ఆ చివర కానిస్టేబుల్ ఓబయ్య చెయ్యి అడ్డం పెడుతున్నాడు. జీపు పక్కన కొత్త ఎస్సై నరేంద్రబాబు లాఠీని చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. లాఠీ ఎట్లా ఎత్తాలో నేర్పిన రోజు శిక్షణకు వెళ్లాడట, ఎప్పుడు ఎత్తాలో నేర్పిన రోజు జ్వరమట. ఈ సంగతి తర్వాత ఓబయ్య చెప్పాడు.

"హెల్మెట్ ఏదీ?" అన్నాడు ఎస్సై.

"అదిగో సార్, ఎనక."

ఎస్సై బండి చుట్టూ తిరిగి చూశాడు. "రాయికి పెట్టినావా? నీకు పెట్టుకోకుండా?"

"రాయి పగిల్తే మళ్లీ రాదు సార్."

"తల పగిల్తే వస్తుందా?"

రెబెక్కమ్మా అదే అడిగేది. జీవానందం లైసెన్సు తీసి ఇచ్చాడు. ఎస్సై దాన్ని చదివాడు. తర్వాత రాయిని చదివాడు. మళ్లీ లైసెన్సు చదివాడు. ఆయన ముఖంలో పెద్ద కేసు దొరికిన వెలుగు వచ్చింది.

"ఈ జీవానందం చచ్చిపోయినాడు కదా! వాడి లైసెన్సు నీ దగ్గర ఎందుకుంది?"

"ఆ జీవానందాన్ని నేనే సార్."

"మరణం అని రాసి ఉంది!"

"తేదీ లేదు గద సార్. నేనింకా పోలా."

"తేదీ ఎందుకు లేదు? చెరిపేసినావా?"

"చెక్కిన రాయిని యాడ చెరుపుతారు సార్? నేను పోయినాక వచ్చి చెక్కుతారు."

చనిపోయాక వచ్చి తేదీ వేస్తారని చెప్పే మనిషి తాగి ఉండాలని ఎస్సై తేల్చేశాడు. జీపులోంచి ఊదే యంత్రం తెప్పించాడు. అది వచ్చి రెండు రోజులే అయింది, ఎవరూ దాని పుస్తకం విప్పి చూడలేదు. జీవానందం ఊదాడు. ఏమీ కనబడలేదు. మళ్లీ ఊదాడు. అప్పుడూ ఏమీ లేదు. ఈలోగా వెనక ఆటో ఒకటి ఆగింది, దానిలో చేపల గంపలతో నలుగురైదుగురు ఆడవాళ్లు. దాని వెనక బస్సు ఆగింది. అందరూ తలలు బయటపెట్టి చూడసాగారు.

"ఊదడం కూడా రాదా? ఇట్టా ఊదాలి!" అని ఎస్సై యంత్రం లాక్కుని తానే గట్టిగా ఊదాడు.

యంత్రం కుయ్యిమంది. ఎర్ర దీపం వెలిగింది.

ఆటోలోంచి ముసలమ్మ అనే చేపలామె గంప మీద చరిచి, "ఓయమ్మో, ముసలాయన ఊదితే సారుకెక్కిందే!" అని కేక పెట్టింది. బస్సు బస్సంతా పగలబడి నవ్వింది.

"లేదమ్మా, సారు పొద్దున దగ్గుమందు తాగినారు" అన్నాడు ఓబయ్య, ఆదుకుందామని. నవ్వు రెండింతలైంది. ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. పాపం, అప్పుడన్నా ఆయన కూడా ఒక నవ్వు నవ్వేసి ఉంటే, ఈ కథ అక్కడితో అయిపోయేది.

సరిగ్గా అప్పుడే జీవానందం ఫోను మోగింది. "నేను మాట్లాడతా, ఇట్టియ్యి" అని ఎస్సై లాక్కుని స్పీకర్ పెట్టాడు. అవతల అబిగయీలు.

"నాన్నా, యాడుండావు? గుంట తవ్వి పెట్టినాము. సిమెంటు కూడా కలిపేసినారు, గట్టిపడిపోతా ఉండాది. పాస్టరు గారికి గూడూరులో పెళ్లి ఉండాదంట, తొందర పెడతా ఉండారు. నువ్వొస్తేనే పూడ్చేది!"

ఎస్సై ఫోను కట్ చేశాడు. గొంతు తగ్గించి, "శవం ఎక్కడ?" అన్నాడు.

"ఏ శవం సార్?"

"జీవానందం శవం!"

"సార్, ఒక్క మాట..." అని ఓబయ్య ముందుకు వచ్చాడు. "నువ్వుండు! ముందు ఆ రాయి దించు, అది సాక్ష్యం" అని ఎస్సై కసిరాడు. ఓబయ్య తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. చివరి ముడి వదులుకాగానే రాయి ఒక పక్కకు ఒరిగింది. "నిలువుగా పట్టుకోండయ్యా, నిలువుగా!" అంటూ జీవానందం రెండు చేతులూ చాచి ఒక్క ఉదుటున వెళ్లి రాయిని పట్టుకున్నాడు.

తనమీదికే వస్తున్నాడనుకున్నాడు ఎస్సై. లాఠీ లేచింది. ఆ దెబ్బ ఎంత బలంగా పడిందంటే, ఆటోలో నవ్వుతున్న ముసలమ్మ నవ్వు నోట్లోనే ఉండిపోయింది. దెబ్బ కుడి మణికట్టు మీద పడింది. ముప్పై ఒక్క ఏళ్లు స్టీరింగు వదలని చెయ్యి రాయిని వదిలేసింది.

రాయి కల్వర్టు గోడ అంచుకు తగిలి రోడ్డు మీద పడింది. హెల్మెట్ పుణ్యమా అని సిలువ కొసలకు గీత కూడా పడలేదు. మధ్యకి విరిగింది. రెబెక్కమ్మ ఒక ముక్క, జీవానందం ఒక ముక్క.

జీవానందం రోడ్డు మీద కూర్చుని, ఎడమ చేత్తో కింది ముక్కను జరిపి పై ముక్కకు ఆనించి చూశాడు. సరిగ్గా అతికింది. చెయ్యి తీస్తే విడిపోయింది. మళ్లీ ఆనించాడు. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయిందని ఆయనకు ఇంకా తెలియలేదు.

"సార్, ఇది సమాధి రాయి" అన్నాడు ఓబయ్య నెమ్మదిగా. "భార్యది. మొగుడి పేరు కూడా ముందే చెక్కిస్తారు వీళ్లు. మా ఇంటి పక్కన వాళ్లూ ఇట్టానే చేయించినారు."

"ముందే చెప్పాలి కదా!"

"చెప్పబోతేనే గద సార్, నువ్వుండు అన్నారు."

ఎస్సై లాఠీని ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చుకున్నాడు. ముఖం పాలిపోయింది. ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది కాబోలు, గొంతు సవరించుకుని, "సరేలే పెద్దాయనా. హెల్మెట్ కేసు రాయనులే, పో" అన్నాడు.

జీవానందం తలెత్తి, "ఆమె పేరు ముందు చెక్కించినా సార్" అన్నాడు.

చెయ్యి వాచి బండి నడిపే వీల్లేకపోయింది. ఓబయ్య ఎస్సైని అడగకుండానే మోపెడ్ ఎక్కి, "రా అన్నా" అన్నాడు. సిలువ ఉన్న ముక్కను హెల్మెట్ తీయకుండానే ముందర కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. జీవానందం వెనక కూర్చున్నాడు, తన పేరున్న ముక్కను చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని.

ఆ బండి వెనక సీటులో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. ముందు రోడ్డు కనబడదు. గుంట ఎప్పుడొస్తుందో తెలియదు. ఓబయ్య ఖాకీ చొక్కా తప్ప ఇంకేమీ లేదు. ఇన్నేళ్లూ రెబెక్కమ్మ చూసింది ఇదేనా, తన వీపేనా, అనిపించింది. అయినా ఏ రోజూ దించెయ్యమనలేదు, హెల్మెట్ పెట్టుకోమని తప్ప ఏమీ అడగలేదు. కాఫీ గిన్నె చప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఏడ్చాడు జీవానందం, ఏడాదికి. ఓబయ్యకు వినబడింది. వాకాడు దాకా వెనక్కి తిరగలేదు.

వెళ్లేసరికి పన్నెండు. పాస్టరు గారు పెళ్లికి వెళ్లిపోయారు, సిమెంటు గట్టిపడిపోయింది. అబిగయీలు మళ్లీ సిమెంటు కలిపించి, అమ్మ పేరున్న ముక్కను నిలబెట్టించింది. నాన్న పేరున్న ముక్క ఇంటికొచ్చి, పంచలో నీళ్ల డ్రమ్ము పక్కన గోడకు చేరగిలబడింది. మణికట్టు ఎముక చిట్లిందని చేతికి కట్టు వేశారు.

అబిగయీలు ఊరుకోలేదు. నాన్నను తీసుకుని ఎస్సై పై అధికారి ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా ఫిర్యాదు కాగితమంతా ఓపిగ్గా చదివి, "చెయ్యి బండి మీంచి పడినా విరుగుతుంది కదమ్మా. రాయి అంతకుముందే పగిలి ఉండొచ్చు. బాగుండేదనడానికి సాక్ష్యమేముంది?" అన్నాడు. బస్సులో చూసినవాళ్లు ఎవరో తెలియదు, ఓబయ్యను ఇరికించడం జీవానందానికి ఇష్టం లేదు. వేరే సాక్ష్యమేమీ లేదు. కామాక్షయ్య రాయిని చెక్కాడే గాని ఫొటో తీయలేదు. ఇద్దరూ బస్సెక్కి ఇంటికి వచ్చేశారు.

నాలుగో రోజు జీవానందం ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఎస్సై మాటిచ్చాడు గాని, వినీల ఫోనులోకి వెళ్లిన ఫొటోకు ఆ సంగతి తెలియదు. అది తన దారిన తాను చలానా అయి వచ్చింది. ఫొటో కింద ఎర్ర అక్షరాలు: ‘హెల్మెట్ ధరించకుండా వాహనం నడుపుట.’ తారీఖు ఉంది, వేళ ఉంది. రాయి పగలకముందు సరిగ్గా నలభై నిమిషాలు.

"నాన్నా, సాక్ష్యం! వాళ్లే పంపినారు, చూడు!" అని అబిగయీలు ఎగిరి గంతేసింది. ఆ మధ్యాహ్నమే దాన్ని అచ్చు తీయించి పై ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా ఈసారి ఎక్కువసేపు చదివి, తక్కువ మాట్లాడి, రసీదు ఇచ్చాడు. ఎస్సై మీద విచారణ వేశారని తర్వాత ఓబయ్య ఫోను చేసి చెప్పాడు.

జీవానందం మాత్రం ఆ ఫొటోనే చూస్తూ కూర్చున్నాడు. ముందు బట్టతల తను. వెనక హెల్మెట్ పెట్టుకుని, బిగిసి, నిటారుగా రెబెక్కమ్మ. పేరుతో సహా. చర్చికి పోతున్నట్టే ఉంది. ఎంత వెతికినా వాళ్లిద్దరూ బండి మీద కలిసి ఉన్న ఫొటో ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

మర్నాడు ఫొటో స్టూడియో పెంచలకృష్ణ దగ్గరికి వెళ్లి, పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నాడు. పెంచలకృష్ణ కంప్యూటరులో చూసి, "పెద్దాయనా, కింద ఈ ఎర్ర అక్షరాలు బాగలేవు, హెల్మెట్ లేదని. తీసేస్తా, ఏమంటావు?" అన్నాడు.

"ఉండనీ నాయనా" అన్నాడు జీవానందం. "మా ఇంటామె ఎప్పుడూ చెప్పేదీ అదే, వీళ్లు రాసిచ్చినారు, అంతే."