బాంబులు పడ్డప్పుడు ఎక్కడున్నారు?

ఇకమీదట ఉద్యోగాల దగ్గర ఎవరికీ వయసు లేదని యువజన, ఉపాధి శాఖామాత్యులు శ్రీ పోలిరాజు గారు బీచి ఒడ్డున జరిగిన బహిరంగ సభలో ప్రకటించారు.

"పనికొచ్చిన మనిషిని నీకెన్నేళ్ళని అడగడం అనాగరికం! ఏజ్ బార్ ఎత్తేస్తున్నాం!"

ఫిషింగ్ హార్బరు నుంచి లారీలో దిగిన వెనక వరసల వాళ్ళకి అందులో 'బార్' ఒక్కటే వినబడి గొల్లుమన్నారు. ఉన్న ఒక్క బారూ ఎత్తేస్తే మేమెక్కడికి పోవాలని బారులు తీరి అడిగారు. పి.ఎ. మైకందుకుని ఆ బారు కాదు బాబూ అని విడమర్చాక చప్పట్లు కొట్టారు. మంత్రిగారి సభల్లో అంత మనస్ఫూర్తి చప్పట్లు నేను మళ్ళీ వినలేదు.

పోలిరాజు గారు యువనేత. నాకు ఊహ తెలిసినప్పట్నించీ యువనేతే. నా తల నెరిసింది గాని ఆయన పోస్టరు నెరవలేదు. ఎడమ చెవి అంచున చిన్న గాటు ఉంటుంది. ఉద్యమంలో తిన్న లాఠీ దెబ్బట. పోస్టర్లలో ఆ చెవినే జనం వైపు తిప్పి ఉంచుతారు. ప్రజల గోడు వినడానికి అంత త్యాగం చేసిన చెవి జిల్లాలో మరొకటి లేదు.

ఆ ప్రకటనని శిరసావహించిన మొదటి సంస్థ, ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో పని పట్టిన ఓ క్రేన్ల కంపెనీ. దాని పర్సనల్ ఆఫీసరు గంగాధరరావు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చిన నియమస్థుడు. దరఖాస్తులో వయసు గడి తీయించేశారు. ఎవరైనా స్కూలు సర్టిఫికెట్ చూపించబోతే కళ్ళు మూసుకునేవారు. పర్సనల్ సంగతులు అడగని పర్సనల్ ఆఫీసర్ని ఆయన్నొక్కణ్ణే చూశాను.

మా పక్కింటి జగ్గారావు కూడా వెళ్ళాడు. పోర్టులో అతను క్రేను తోలే కంపెనీ మూతబడి ఇంట్లో కూర్చున్నాడు. అతని భార్య గౌరీశ్వరి తెల్లారకుండా హార్బరుకెళ్ళి చేపలబుట్ట నెత్తికెత్తుకుంటోంది. ఓడల్లోంచి బరువులు దించిన మనిషికి పెళ్ళాం నెత్తి మీది బుట్ట దించడం చేతకాలేదని వీధిలో నలుగురూ నవ్వుతున్నారు. ఆ బుట్ట దించాలి. అంతకుమించి అతనికి కోరికల్లేవు.

తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఉద్యోగం వచ్చేసినట్టే బావా! మరేటనుకున్నావ్! పకోడీలెట్టినాడు, టీ ఇచ్చినాడు."

"వయసు అడిగాడా?"

"సీ! ఆ మాటే ఎత్తలేదు. 'బాంబులు పడ్డప్పుడు ఎక్కడున్నారండీ?' అన్నాడంతే. మరి నాను ఊరుకుంతానేటి?"

ఊరుకోడు. విశాఖపట్నంలో నలభై దాటినవాడెవడూ ఊరుకోడు. నలభై రెండులో జపానువాడు ఈ ఊరి మీద బాంబులేశాడు, ఊరంతా మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరిగెత్తింది. అప్పట్నించీ మాకు పుట్టినరోజుల్లేవు. బాంబులు పడేటప్పటికి నడుస్తున్నాడా, పాకుతున్నాడా, కడుపులో ఉన్నాడా, అదే మా పంచాంగం. ఆ పరుగు గురించి అడిగితే పాడె మీది మనిషైనా లేచి కూర్చుని పకోడీ అందుకుంటాడు.

"మొత్తం సెప్పినాను బావా. మాయమ్మ జనంలో తప్పిపోనాది. ఎవలో పెద్ద గుంటడు నన్ను బుజానేసుకుని సబ్బవరం దాకా మోసినాడు. రెండో బాంబుకి దడుసుకుని ఆడి సెవి కొరికీసినాను! రగతం! అయినా దించలేదు బావా, మారాజు. ఆఫీసరు కళ్ళొత్తుకున్నాడు. సెయ్యట్టుకుని 'చాలా సంతోషం, కబురు చేస్తాం' అన్నాడు."

కబురు రాలేదు.

పై వీధి దొరబాబు కూడా వెళ్ళాడు. పాతికేళ్ళ కుర్రాడు. బాంబులప్పుడు ఎక్కడున్నావంటే "ఏ దీపావళికండీ?" అన్నాడట. పకోడీ పూర్తవకుండానే ఆర్డరు చేతిలో పెట్టారు.

నాకు గంగాధరరావు గారి మీద గౌరవం రెట్టింపయింది. వయసు అడగలేదు. వయసే తనంతట తను నడిచొచ్చి పకోడీ ప్లేటు పక్కన కూర్చునేలా చేశారు.

అంతలో, కొత్త విధానం దిగ్విజయంగా నడుస్తోందని తెలిసి మంత్రిగారే స్వయంగా చూడ్డానికొస్తున్నారన్నారు. సీతమ్మధారలో కంపెనీ ఆఫీసు ముందు షామియానా వేశారు. జనం ఎదుటే ఇంటర్వ్యూలు. కబురు రానివాళ్ళకీ మళ్ళీ అవకాశం.

జగ్గారావుని కూర్చోబెట్టి మీసానికి రంగేశాను. "బాంబంటే ఏమిటో తెలీదను."

"మరి ఆ గుంటడో?"

"గుంటడూ లేడు."

"మోసినోణ్ణి లేడంతే కళ్ళు పోతాయి బావా!"

గౌరీశ్వరి బుట్ట దభీమని కిందెట్టింది. "పోతే నాను సూసిపెడతాను గానీ, నువ్వు నోరు ముయ్యి!"

షామియానాలో మంత్రిగారు మధ్య కుర్చీలో ఉన్నారు. గంగాధరరావు గారు ప్లేటు జరిపి, అలవాటు ప్రకారం ఆప్యాయంగా అడిగారు. జగ్గారావు పకోడీతో పాటు సబ్బవరం కూడా మింగేశాడు. చెమటకి మీసం రంగు కారుతోంది.

"దీపావలికి... మాయింటికాడే ఉన్నానండి."

ఆఫీసరు మొహం విప్పారింది. ఆర్డరు మీద సంతకానికి పెన్ను తీశారు. ముందు వరసలో గౌరీశ్వరి కళ్ళు మూసుకుంది.

"దీపావళేమిటయ్యా!" అన్నారు మంత్రిగారు. "ఈ కాలం కుర్రాళ్ళకి బాంబులంటే టపాకాయలే!" ప్లేటు తనవైపు లాక్కున్నారు. మైకూ లాక్కున్నారు. "బాంబులు నన్నడగండి! ఆకాశం బద్దలైపోనాది! నాను ఓ గుంటణ్ణి బుజానేసుకుని సబ్బవరం దాకా ఎల్లినాను! రెండో బాంబుకి ఆ ఎదవ నా సెవి కొరికీసినాడు. ఇదిగో గాటు!"

"లాఠీ సార్, లాఠీ..." అన్నాడు పి.ఎ. వెనకనుంచి.

"లాఠీ ఏటయ్యా, పళ్ళు!"

పెన్ను కాగితానికి ఆనబోతోంది. జగ్గారావు ఆ పెన్నుని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. ఆ చెవిని చూశాడు.

"నానే బాబూ! ఆ ఎదవని నానే!"

పరుగున వెళ్ళి మంత్రిగారిని వాటేసుకుని ఏడ్చాడు. తెల్ల ఖద్దరు మీద మీసం అచ్చు పడింది. పెన్ను ఆగిపోయింది. జనం నెమ్మదిగా వేళ్ళు మడవడం మొదలెట్టారు, జగ్గారావు కోసం కాదు.

మంత్రిగారు ఆ వేళ్ళని చూశారు. రాజకీయాల్లో పండిన మనిషి, ఉన్నపాటున తేరుకున్నారు.

"ఎందుకయ్యా లెక్కలు? నేను యువకుణ్ణి. అది రాష్ట్రమంతా తెలుసు. యువకుడు భుజాన మోసినవాడు పసివాడు కాక మరేమిటి? రాసుకోండి!"

గంగాధరరావు గారు రాసుకున్నారు. జగ్గారావు అప్పటికప్పుడే అప్రెంటిస్‌గా నియమితుడయ్యాడు.

"అప్రెంటిసంతే ఏటన్నయ్యా?" గౌరీశ్వరి నన్నడిగింది.

"సగం జీతం."

"అయితే సగం బుట్ట దించుతాను."

మంత్రిగారు మాత్రం ప్లేటు ఖాళీ అయ్యేదాకా కూర్చుని మిగతా కథంతా చెప్పారు. సబ్బవరంలో గంజి తాగడం, అప్పటికే తనకి మీసాలొచ్చి ఉండటం, మేనమామ కూతురితో పెళ్ళి ఆ గొడవలో వాయిదా పడటం, ఏదీ వదల్లేదు. గంగాధరరావు గారు కళ్ళొత్తుకుని, కారు దాకా సాగనంపి, ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నారు.

"చాలా సంతోషం సార్. కబురు చేస్తాం."