రాణీరంగు ఆసుపత్రి

ఆ ఉదయం డిజైనరుగారి ప్రణాళిక చాలా తేలికైనది. కాఫీ తాగడం, కంప్యూటర్ తెరవడం, పళ్ళ డాక్టరు రాగానే ఆయన కట్టబోయే ఆసుపత్రిని తెర మీద అటూ ఇటూ తిప్పి చూపించడం, "సరే" అనిపించుకోవడం. కొన్నాళ్ళుగా చేతిలో పని లేదు. ఈ "సరే" కూడా రాకపోతే బొమ్మల పనికి నీళ్ళొదులుకుని బావమరిది టైర్ల కొట్లో కూర్చోవాల్సిందే.

"ఏవండీ, నిన్న పాప ఫొటోలకి చోటు చాల్లేదని మీ కంప్యూటర్లో..." అంటూ భార్య కాఫీ తెచ్చింది.

"పనిలో ఉన్నప్పుడు కదిలించొద్దన్నానా? దీని మీద ఈగ వాలినా నాకు తెలుస్తుంది," అన్నాడాయన.

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. తెర మీద ఆసుపత్రి తెరుచుకుంది. గోడలు, నేల, కప్పు అన్నీ కళ్ళు చెదిరే రాణీరంగు! బొమ్మలోని గోడకు అంటించిన రాతి ఫొటో, నేలకు పరిచిన చెక్క ఫొటో కంప్యూటర్లో ఉన్నచోట దొరక్కపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఊరుకోదు, ఇలా రంగు పులిమి పరువు తీస్తుంది. ఫొటోలతో పనిలేని కుర్చీలు మాత్రం తెల్లగా, మర్యాదగా కూర్చున్నాయి.

పోయిన ఫొటోలను వెతికే మీట ఒకటుంది. ఫలానా చోట వెతకమంటే క్షణంలో పని. ఆ ఫలానా చోటేదో తెలియక, కంగారులో ఆయన డిస్కు మొత్తాన్నీ చూపించాడు. ఇక అది మొదలుపెట్టింది. అత్తగారి సీరియళ్ళు, పాప పాటలు, ఎప్పుడో పాడైన ప్రింటర్ తాలూకు సామాను... చెవిపోగు పోయిన ఇల్లాలిలా ఒక్కో మూటా విప్పి దులుపుతోంది. ఆపుదామంటే ఆపే మీట పలకదు.

"ఏమైనా కనిపించట్లేదాండీ?" అంది భార్య తలుపు దగ్గర నుంచి.

"ఏం లేదు, నువ్వెళ్ళు."

"అది కాదు, నేనే..."

"వెళ్ళవే తల్లీ!"

పళ్ళ డాక్టరు చెప్పిన వేళకన్నా ముందే దిగాడు. తెర చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. డిజైనరు ముక్కుకు అప్పుడే టైర్ల వాసన తగిలింది.

"ఇదేం రంగండీ?"

"అదీ... అంటే..."

"ఆగండాగండి. చిగుళ్ళు కదూ! చిగుళ్ళ మధ్య పళ్ళలాగా తెల్ల కుర్చీలు! అబ్బ, ఏం ఆలోచనండీ!"

"మీరైతే ఇట్టే పట్టేస్తారని తెలుసు," అన్నాడు డిజైనరు చెమట తుడుచుకుంటూ. పోయిన ప్రాణం లేచి వచ్చింది.

సరిగ్గా అప్పుడే వెతుకులాట ముగిసింది. సాఫ్ట్‌వేర్‌కు ఫొటోలో ఏముందో అక్కరలేదు, పేరు కలిస్తే చాలు. ఈయనకేమో ఫొటోలకు పేర్లు పెట్టే ఓపిక లేదు, ఫోను ఇచ్చిన నంబరే ఉంచేస్తాడు. పాప ఫొటోలు తీసిన మామగారి ఫోనూ అలాంటి నంబర్లే ఇస్తుంది. ముందు తగిలిన దాన్నే అది పట్టుకొచ్చింది. దాంతో రాతిగోడకు బదులు, పాప పుట్టినరోజున నోరు బార్లా తెరిచి నవ్వుతూ తన ఫొటో తానే తీసుకున్న మామగారు నేల నుంచి కప్పు దాకా వరసలు కట్టి పరుచుకున్నారు.

డిజైనరు కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరీయన?" డాక్టరు గొంతు మారిపోయింది.

"మా... మామగారండీ."

"కింది దవడ పన్ను పూర్తిగా పుచ్చింది. నొప్పి లేదంటున్నారా?"

చాలాకాలంగా ఒక పక్కనే నములుతూ "నాకేం నొప్పి?" అని దబాయిస్తున్న మామగారు, ఎవరొచ్చారో చూద్దామని అప్పుడే గదిలోకి వచ్చారు. గోడల నిండా తననే చూసుకుని గిరుక్కున వెనక్కి తిరిగారు. డాక్టరు ఆయన భుజం పట్టుకున్నాడు.

"రాణీరంగు ఉంచండి, ఈయన్ని తీసెయ్యండి. పని మీదే!" అంటూ మామగారిని వెంటబెట్టుకు వెళ్ళిపోయాడు. "అల్లుడూ, ఇదంతా నీ కుట్రే!" అన్న కేక వీధి మలుపు దాకా వినిపించింది.

డిజైనరు భార్య ముందు నిలబడ్డాడు. "ఇంతకీ నా ఫొటోలు ఏం చేశావ్?"

"పాప ఫొటోల కోసం సర్దుతూ, మీవన్నీ ఒక ఫోల్డర్లో వేసి, దానికి 'గోడలు, నేలలు' అని పేరు పెట్టి మీ కళ్ళెదురుగా తెర మీదే ఉంచాను. పొద్దున్నించీ నేను చెప్పబోయేది అదేగా!"

తరువాతి గిరాకీ వచ్చే రోజు పొద్దున్నే డిజైనరుగారు తానే కాఫీ కలిపి భార్య చేతికిచ్చి, కంప్యూటర్ ఒకసారి సర్దిపెట్టమని బతిమాలుకున్నాడు.